చీకట్లో వెలిగే చుక్క: పిస్టల్ సైట్‌కు గ్లో పెయింట్ ఎంతవరకు పనికొస్తుంది?

మామూలు పిస్టల్‌కు గురి చూసుకునే భాగాలు రెండే. ముందు కొసన నిలబడి ఉండే ఫ్రంట్ సైట్, వెనక గాడి ఉన్న రియర్ సైట్. వెనక గాడి మధ్యలో ముందు సైట్ నిలిచి, ఇరువైపులా సమానంగా ఖాళీ కనిపిస్తూ, రెండింటి పై అంచులూ ఒకే గీతలోకి వస్తే గురి కుదిరినట్టు. పట్టపగలు తెల్ల కాగితం టార్గెట్ మీద ఇదేమంత కష్టం కాదు. వెలుతురు తగ్గేకొద్దీ నల్ల ఉక్కు నల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది, అంచులు ఎక్కడున్నాయో తెలియదు. దీనికి అతి చవకైన విరుగుడుగా చాలామందికి తట్టేది చీకట్లో వెలిగే పెయింట్. ఒక చిన్న సీసా, సన్నటి బ్రష్, కాస్త ఓపిక ఉంటే చాలు. సీసా మీద ‘10 గంటలు వెలుగుతుంది’, ‘12 గంటలు వెలుగుతుంది’ అని రాసి ఉంటుంది.

ఆ అంకె అబద్ధమేమీ కాదు. కాకపోతే పిస్టల్ సైట్‌కు అది వర్తించదు. కారణం కొంత పెయింట్‌లో ఉంది, ఎక్కువ భాగం మన కంట్లో ఉంది. పెయింట్ గురించి జనం చాలానే మాట్లాడుకుంటారు. కంటి సంగతి దాదాపు ఎవరికీ పట్టదు.

పెయింట్‌లో ఏముంటుంది

వెలిగే పెయింట్ అనగానే రేడియం గుర్తొస్తుంది కాబట్టి ముందు ఆ అనుమానం తీర్చుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వాచీ డయళ్లకు, విమానాల మీటర్లకు, తుపాకీ సైట్లకు వాడింది నిజంగానే రేడియం కలిపిన పెయింట్. రేడియం నుంచి వెలువడే రేడియేషన్ జింక్ సల్ఫైడ్ పొడిని తాకితే ఆ పొడి వెలిగేది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో ఆ పెయింట్ వేసిన అమ్మాయిలు బ్రష్ కొనను పెదాలతో సన్నం చేసుకుంటూ పనిచేశారు. దవడ ఎముకలు కుళ్లిపోయి చాలామంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే గ్లో పెయింట్‌లో రేడియం ఉండదు. కానీ పాత సైనిక ఆయుధాల సైట్లపై అది మిగిలి ఉండవచ్చు. రేడియం అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు. జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్ని దశాబ్దాలకే దెబ్బతిని వెలగడం మానేస్తుంది. కాబట్టి పాత సైట్ వెలగడం లేదు గనక ప్రమాదం లేదనుకుని దాన్ని గీకి కొత్త పెయింట్ వేయబోవడం చాలా చెడ్డ ఆలోచన.

ఇప్పటి పెయింట్ తనంతట తాను వెలుగును పుట్టించదు. బయటి వెలుతురును పీల్చుకుని, ఆ శక్తిని స్ఫటికంలోని లోపాల దగ్గర పట్టి ఉంచి, మెల్లమెల్లగా వదులుతుంది. చాలాకాలం ఈ పనికి రాగి కలిపిన జింక్ సల్ఫైడే వాడేవారు. కొద్దిసేపట్లోనే మసకబారిపోయేది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ, యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌తో కొత్త ఫాస్ఫర్‌ను, అంటే వెలుగునిచ్చే పదార్థాన్ని, తెచ్చింది. పాతదానికంటే సుమారు పది రెట్లు ఎక్కువ వెలుగు, పది రెట్లు ఎక్కువసేపు. చేతి గడియారాల్లో లూమినోవా, సూపర్ లూమినోవా పేర్లతో కనిపించేది ఈ కుటుంబానికి చెందిన పదార్థమే. పెయింట్ కొనేటప్పుడు చూడాల్సింది ఈ ఒక్క పేరే. స్ట్రాన్షియం అల్యూమినేట్ అని రాసి లేకపోతే అది పాత జింక్ సల్ఫైడ్ రకం కావచ్చు.

రంగుల్లో ఆకుపచ్చే ఎక్కువ ప్రకాశవంతం. దాని వెలుగు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. నీలి ఆకుపచ్చ రకానిది 490 దగ్గర. ఎరుపు, నారింజ రంగుల్లో వెలిగేవి వీటి ముందు చాలా నీరసం. ఇక్కడ ఇంకో గందరగోళం కూడా ఉంది. పగటిపూట కళ్లకు కొట్టొచ్చే నారింజ, చిలకాకుపచ్చ ఫ్లోరసెంట్ పెయింట్లు వేరు. అవి వెలుతురు పడుతున్నంతసేపే మెరుస్తాయి, లైటు ఆపిన మరుక్షణం నల్లబడతాయి. రెండూ కలిపేస్తే రెండు లాభాలూ వస్తాయని కొందరు ప్రయోగం చేస్తుంటారు. ఫ్లోరసెంట్ రంగు గ్లో పొడికి అందాల్సిన వెలుతురును తానే మింగేస్తుంది గనక చివరికి చీకట్లో మిగిలేది తక్కువే.

ఛార్జింగ్ విషయంలో ఏ వెలుతురైనా ఒకటే అనుకోవడం పొరపాటు. స్ట్రాన్షియం అల్యూమినేట్ పీల్చుకునేది ముఖ్యంగా అతినీలలోహిత (యూవీ), ఊదా, నీలి కిరణాలను. 450 నానోమీటర్లు దాటిన వెలుతురు దానికి పెద్దగా ఒంటబట్టదు. ఎండలో కొద్ది నిమిషాలు చాలు. యూవీ టార్చ్ అయితే సెకన్లలో పని అయిపోతుంది. పసుపు ఛాయ ఉన్న గది బల్బు కింద ఎక్కువసేపు ఉంచినా సగం కడుపే నిండుతుంది. ఎర్ర టార్చ్ వేసి ప్రయోజనం లేదు.

సీసా మీది గంటలు, సైట్ మీది గంటలు

ఈ పెయింట్ మసకబారే తీరు నిలకడగా ఉండదు. మొదటి కొన్ని నిమిషాల్లో వెలుగు దబదబా పడిపోతుంది, తర్వాత తోక సాగినట్టు నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. స్థూలంగా చెప్పాలంటే గడిచిన కాలానికి విలోమంగా తగ్గుతుంది. 10 నిమిషాలప్పుడు ఉన్న వెలుగు గంటకు ఆరో వంతుకు దిగుతుంది, పది గంటలకు అరవయ్యో వంతుకు. భద్రత కోసం అతికించే మంచి రకం పట్టీల్లో 10 నిమిషాలకు చదరపు మీటరుకు వందకు పైగా మిల్లీక్యాండెలాలు (వెలుగును కొలిచే ప్రమాణం), గంటకు ఇరవై దరిదాపుల్లో ఉంటాయి.

మరి ‘ఇన్ని గంటలు’ అనే లెక్క ఎక్కడ ఆపుతారు? ఈ రంగంలో ఎక్కువగా పాటించే జర్మన్ ప్రమాణం డీఐఎన్ 67510 ప్రకారం వెలుగు సుమారు 0.3 మిల్లీక్యాండెలాకు పడిపోయేదాకా. చీకటికి పూర్తిగా అలవాటుపడిన కన్ను గుర్తించగల కనీస స్థాయికి ఇది సుమారు వంద రెట్లు. కారిడార్‌లో గోడ వెంబడి పోయే పొడవాటి పట్టీకి ఈ లెక్క సరిపోతుంది. గురి చూడటానికి సరిపోదు.

రెటీనాలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. రంగులనూ సన్నని వివరాలనూ చూసేవి శంకు కణాలు. దేన్నైనా సూటిగా చూసినప్పుడు దాని బింబం పడేది ఫోవియా అనే చిన్న గుంటలో. ఆ గుంట నడిమధ్యలో ఒక డిగ్రీకి పైగా వెడల్పున్న చోట దండ కణాలు అసలు ఉండవు, అంతా శంకు కణాలే. ఇప్పుడు సైట్ సంగతి చూద్దాం. 3 మిల్లీమీటర్ల చుక్క, చాచిన చేతి చివర 65 సెంటీమీటర్ల దూరంలో కంటికి పావు డిగ్రీ మాత్రమే ఉంటుంది. నిండు చందమామ వెడల్పులో సగం అన్నమాట. సూటిగా చూస్తే ఆ చుక్క మొత్తం దండ కణాలు లేని చోటే పడుతుంది. శంకు కణాలేమో 1 మిల్లీక్యాండెలా దరిదాపులకు వచ్చేసరికి దాదాపు చేతులెత్తేస్తాయి. అందుకే సగం రాత్రి గడిచాక చుక్క ఒక విచిత్రం చేస్తుంది. ఓరకంట చూస్తే కనిపిస్తుంది, సూటిగా చూస్తే మాయమవుతుంది. మినుకుమినుకుమనే నక్షత్రాలను చూసేవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. కానీ నక్షత్రాన్ని ఓరకంట చూసి సరిపెట్టుకోవచ్చు, ఫ్రంట్ సైట్‌ను సూటిగా చూడక తప్పదు.

వెలుగు కాలానికి విలోమంగా తగ్గుతుందంటే, కావాల్సిన కనీస వెలుగు ఎన్ని రెట్లు పెరిగితే చేతిలో ఉన్న సమయం అన్ని వంతులు తగ్గుతుంది. ఒక ఉదాహరణ. సీసా మీద 12 గంటలు అని ఉంది. 0.3 మిల్లీక్యాండెలా బదులు 1 కావాలంటే 12 కాస్తా 4 గంటల లోపు అవుతుంది. చేత్తో పెట్టిన పల్చటి చుక్క, కొలతలు తీసిన మందపాటి నమూనాలో నాలుగో వంతే వెలిగిందనుకుంటే మిగిలేది ఒక గంట. ఇది కూడా చీకటికి అలవాటుపడిన కంటి లెక్క. దండ కణాలు పూర్తి స్థాయికి రావడానికి అరగంట దాకా పడుతుంది, శంకు కణాలకు కూడా కొన్ని నిమిషాలు కావాలి. వెలుతురున్న గదిలోంచి చీకట్లోకి అడుగుపెట్టిన మనిషికి మొదటి నిమిషంలో ఆ గంట కూడా మిగలదు.

దీనికితోడు పిస్టల్ ఉండే చోటు. న్యూయార్క్ నగరం 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2004లో తెచ్చిన చట్టంతో ఎత్తైన ఆఫీసు భవనాల మెట్లకు, తలుపులకు ఈ వెలిగే గుర్తులను తప్పనిసరి చేసింది. అక్కడ ఇవి పనిచేయడానికి కారణం సులువే. మెట్ల మీద లైట్లు ఎప్పుడూ వెలుగుతుంటాయి, కరెంటు పోయే చివరి క్షణం దాకా పెయింట్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది. పిస్టల్ పరిస్థితి సరిగ్గా తలకిందులు. అది హోల్‌స్టర్‌లోనో, పెట్టెలోనో, తాళం వేసిన సొరుగులోనో చీకట్లో పడి ఉంటుంది. అవసరమైన సమయానికి పెయింట్ ఖాళీ అయిపోయి ఉంటుంది. సాయంత్రం రేంజ్‌కు వెళ్లి, ముందుగా టార్చ్ వేసి ఛార్జ్ చేసుకుని కాల్చేవారికి ఇది సమస్య కాదు. ఎప్పుడు అవసరమొస్తుందో తెలియని పిస్టల్‌కు ఇదే పెద్ద లోపం.

చుక్క కనిపిస్తే సరా? ఎదుట ఉన్నది కనిపించాలి కదా

చుక్క ధగధగా కనిపించేంత చిమ్మచీకట్లో ఎదుట ఎవరున్నారో, ఏముందో కనిపించదు. ఏమున్నదీ తెలియకుండా కాల్చడమనే ప్రశ్నే లేదు. గుర్తుపట్టాలంటే టార్చ్ వేయాలి. టార్చ్ వేశాక ఎదుటి వస్తువు వెలుగులో ఉంటుంది, దాని ముందు సైట్లు నల్లటి నీడల్లా అంచులతో సహా స్పష్టంగా తేలతాయి. అప్పుడు గ్లో పెయింట్‌తో పనే లేదు. ఇక బాగా వెలుతురుంటే పెయింట్ వెలుగు ఎలాగూ కంటికి ఆనదు.

మిగిలేది ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నటి పట్టీ. మునిమాపు వేళ, దూరంగా ఒకే దీపం ఉన్న గది, ఎదుటి వస్తువు పోల్చుకోగలం గానీ నల్ల సైట్ దాని మీద కలిసిపోతుంది. అక్కడ పెయింట్ నిజంగా సాయపడుతుంది. అయితే ఆ సాయంలో వెలగడం వాటా ఎంత అని అడగాలి. స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి లేత పసుపు పచ్చ రంగులో ఉంటుంది. నల్ల ఉక్కు మీద అలాంటి లేత చుక్క పెడితే అది వెలిగినా వెలగకపోయినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లో పెయింట్ వేశాక సైట్లు బాగా కనిపిస్తున్నాయని సంబరపడేవారిలో చాలామందికి మేలు చేసింది ఆ లేత రంగేనని నా అంచనా. మామూలు తెల్ల పెయింట్ వేసినా ఆ లాభంలో ఎక్కువ భాగం దక్కేది.

నలభై దాటి దగ్గరి చూపు మందగించినవారి విషయం కొంచెం వేరు. వారికి ఫ్రంట్ సైట్ అంచులు వెలుతురులోనే మసకగా ఉంటాయి. పెద్దగా, లేత రంగులో ఉన్న చుక్క కనీసం సైట్ ఎక్కడుందో త్వరగా చెబుతుంది. ఖచ్చితత్వం పెరగదు, వెతుకులాట తగ్గుతుంది.

ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి

మూడు చుక్కల సైట్లు చాలా పిస్టళ్లకు ఉంటాయి. వెనక రెండు, ముందు ఒకటి. మూడింటికీ ఒకే ఆకుపచ్చ వేస్తే చీకట్లో ఏది ముందుదో ఏది వెనకదో తేలదు. ముందు చుక్క గాడి పక్కకు జరిగి, వెనక రెండింటికీ బయట నిలబడ్డా మూడు చుక్కలూ వరసలో కనిపించి గురి కుదిరినట్టు భ్రమ కలుగుతుంది. అందుకని ఫ్రంట్ సైట్‌కు ఒక్కదానికే వేయడం మేలు. వెనక కూడా కావాలనిపిస్తే వేరే రంగులో, మరీ చిన్నగా.

చుక్క సరిగ్గా మధ్యలో ఉండటం చూపుకు అందం కోసమే కాదు. ఫ్రంట్, రియర్ సైట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. చుక్క అర మిల్లీమీటరు పక్కకు పడి, కాల్చేవారు అంచులను వదిలేసి చుక్కనే నమ్ముకుంటే 10 మీటర్ల దూరంలో గురి 3.3 సెంటీమీటర్లు తప్పుతుంది, 25 మీటర్లకు 8 సెంటీమీటర్ల పైనే. సైట్ ముఖమంతా పులిమేయడం ఇంకా చెడ్డది. కొత్తగా ఛార్జ్ అయిన పెయింట్ చుట్టూ వెలుగు చెదిరి పై అంచు మెత్తబడిపోతుంది. పగలు గురికి ఆధారం ఆ అంచే. దానికీ పెయింట్‌కూ మధ్య కాస్త నల్ల జాగా ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజీన్ తీసేయాలి, తర్వాత చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి రూఢి చేసుకోవాలి. తూటాలు ఆ గదిలోనే లేకుండా చూడాలి. సైట్ మీద నూనె పొర ఉంటే ఏ పెయింటూ నిలవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది. అసిటోన్ ఇంకా బాగా శుభ్రం చేస్తుంది గానీ ప్లాస్టిక్ సైట్లను, కొన్ని పాలిమర్ ఫ్రేములను పాడుచేయగలదు, దాన్ని దూరం పెట్టడమే మంచిది.

అందరూ ఎగ్గొట్టే మెట్టు తెల్ల అస్తరు. గ్లో పొడి అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతుంది. కింద నల్ల ఉక్కు ఉంటే వెనక్కి పోయినదంతా అది మింగేస్తుంది. తెల్ల పెయింట్ ఉంటే ఆ వెలుగు తిరిగి కంటివైపు వస్తుంది, ఛార్జ్ చేసేటప్పుడు లోపలికి దూసుకుపోయిన కిరణాలు కూడా వెనక్కి తిరిగి ఇంకోసారి పనికొస్తాయి. సైట్‌కు ముందే చిన్న గుంట, అందులో తెల్ల చుక్క ఉంటే అదృష్టమే. దాని మీదే గ్లో పెయింట్ నింపవచ్చు, గుంట ఉండటం వల్ల మందమైన పొర పడుతుంది, ఒరిపిడి నుంచి రక్షణా దొరుకుతుంది.

ఏ ద్రావణంలో కలిపారన్నది కూడా ముఖ్యం. పూత లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ నీటితో చర్య జరిపి మెల్లగా చచ్చుబడిపోతుంది. నీటి ఆధారిత రంగుల్లో కలపాలంటే పైపూత ఉన్న ప్రత్యేక పొడి కావాలి. పారదర్శకమైన ఎపాక్సీ రెసిన్‌లో కలపడం సురక్షితం, గన్ క్లీనింగ్ ద్రావకాలకు కూడా అది బాగా తట్టుకుంటుంది. నెయిల్ పాలిష్ తేలిగ్గా దొరుకుతుంది, అంతే తేలిగ్గా కరిగిపోతుంది. యూవీ దీపంతో గట్టిపడే జిగురు వాడేవారు ఒక సంగతి గమనించాలి. గ్లో పొడి యూవీని తానే పీల్చుకుంటుంది కాబట్టి మందంగా వేస్తే అడుగు పొర పచ్చిగానే ఉండిపోవచ్చు. పొడి రెసిన్ కంటే బాగా బరువు, రెండు నిమిషాలు వదిలేస్తే అడుగున చేరుతుంది. కలుపుతూ వాడాలి. వేయాల్సిన ముఖం పైకి, సమతలంగా ఉండేలా పిస్టల్‌ను ఆనించి, టూత్‌పిక్ కొనతో ఒక్కో బొట్టు పెడితే బొట్టు తనంతట తానే గుండ్రంగా సర్దుకుంటుంది. బ్రష్ గీతలు పడవు.

ఇతర దారులు

కారు చీకట్లోనూ ఎప్పుడంటే అప్పుడు వెలగాలంటే దారి ట్రిటియం. ఇది హైడ్రోజన్ వాయువుకు రేడియోధార్మిక రూపం. చిన్న గాజు గొట్టంలో బంధించి, లోపలి గోడకు ఫాస్ఫర్ పూస్తారు. అది వెలువరించే బీటా కణాలు గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఉంటాయి, గాజును దాటి రాలేవు. అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే సుమారు పన్నెండేళ్లకు వెలుగు దాదాపు సగానికి దిగుతుంది. ఛార్జింగ్ అక్కర్లేదు, సొరుగులో ఎన్నాళ్లున్నా అంతే. అయితే ట్రిటియం గొట్టం నీరసంగా వెలుగుతుంది, పగలు దాని ఉనికే తెలియదు. ఆ లోటు పూడ్చడానికి కొన్ని కంపెనీలు గొట్టం చుట్టూ నారింజ, పసుపు రంగుల్లో వెలిగే పెయింట్ వలయం వేసి అమ్ముతున్నాయి. ట్రిజికాన్ హెచ్‌డీ సైట్లు ఈ కోవలోవే. గ్లో పెయింట్‌కు దొరికిన అత్యంత సబబైన ఉద్యోగం బహుశా ఇదే. ఫైబర్ ఆప్టిక్ సైట్లు బయటి వెలుతురును పోగుచేసి కొసన చూపిస్తాయి, పగలు వాటికి పోటీ లేదు, చీకట్లో పనిచేయవు. బ్యాటరీతో నడుస్తూ చిన్న అద్దంలో ఎర్ర చుక్కను చూపే రెడ్ డాట్ సైట్ అయితే రెండు సైట్లను కలపాల్సిన అవసరాన్నే తీసేస్తుంది. ఖర్చు, అదనపు బరువు దానికి మూల్యం.

పెయింట్ వేసుకున్నాక పరీక్షించే పద్ధతి కూడా సరిగా ఉండాలి. ఎండలో ఛార్జ్ చేసి వెంటనే చీకటి గదిలోకి తీసుకెళితే ఏ పెయింటైనా అద్భుతంగానే కనిపిస్తుంది. ఖాళీ పిస్టల్‌ను మామూలుగా ఉండే గది వెలుతురులో కాసేపు ఉంచి, హోల్‌స్టర్‌లో పెట్టి, గంట తర్వాత లైట్లు వెలుగుతున్న గదిలోంచి నేరుగా చీకట్లోకి వెళ్లి, సురక్షితమైన దిశగా పట్టుకుని చూడాలి. చుక్కను సూటిగా చూసినప్పుడు కనిపిస్తే ఆ పెయింట్ ఆ గంటకు పనికొచ్చినట్టు. చూపు పక్కకు తిప్పితేనే కనిపిస్తుంటే పొర పలచనైనా అయి ఉండాలి, అస్తరైనా వేసి ఉండకపోవాలి, లేదా పొడి పాత రకమైనా కావాలి. గట్టి ప్లాస్టిక్ పుల్లతో గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. లోహపు పనిముట్టు వాడితే సైట్ నల్ల పూత లేచిపోయి అక్కడ ఉక్కు మెరుస్తుంది.